జోలీన్ ఆడిన నాలుగు సెకన్లు

ఆ శనివారం ఆట మధ్యాహ్నం రెండు గంటలకు. పన్నెండున్నరకే అందరం రింకు కింద మా జట్టు గదిలో ఉన్నాం. నేను ఒక కాలికి మోకాలి రక్షణ కట్టుకుని రెండోది చేతిలోకి తీసుకుంటుండగా కోచ్ డ్వైట్ వచ్చి నా ముందు ఆగాడు.

"ప్రోకీ, ఇవాళ్టికి నువ్వు కూర్చోవాలమ్మా. నీ చోట్లో జోలీన్ పేరు రాస్తున్నా," అన్నాడు.

నా పేరు లారిస్సా ప్రొకోప్‌చుక్. ఐస్ హాకీ జట్టులో చేరిన మొదటి వారంలోనే ఎవరి పేరునైనా సగానికి కోసి తోక తగిలిస్తారు. అలా ప్రోకీ అయ్యాను. ఆట పత్రంలో ఇరవై పేర్లకే చోటుంటుంది. ఆ ఏడాది ఇరవయ్యో పేరు ఎప్పుడూ నాదే. ఉంటే నాది, లేకపోతే ఎవరిదీ కాదు అన్నట్టు ఉండేది. మంచు మీదికి దిగితే ఆటకు మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో.

"సరే కోచ్," అన్నాను. నేను ఎప్పుడూ అనే మాట అదే.

అప్పటికే తాత వెర్బా నుంచి బయలుదేరి మూడు గంటలయి ఉంటుంది. మా ఊరి నుంచి యూనివర్సిటీకి నాలుగు గంటల దారి. బయట మైనస్ ముప్ఫై. ఆయన ఆ ఏడాది నా ఆట చూడడానికి రావడం అదే మొదటిసారి. కట్టిన మోకాలి రక్షణ విప్పుతూ, ఫోన్ చేసి వెనక్కి వెళ్ళిపొమ్మని చెప్పాలా అనుకున్నాను. చెయ్యలేదు.

ఆ రోజు ఆఖరి ఏడాది వాళ్ళ వేడుక. సొంత మంచు మైదానంలో, అంటే మా రింకులో, ఆ ఏటి చివరి ఆటకు ముందు, చదువు ముగించి వెళ్ళిపోయే అమ్మాయిలను తల్లిదండ్రులు చెయ్యి పట్టుకుని ఎర్ర తివాచీ మీద నడిపించుకొస్తారు. పూలిస్తారు, జెర్సీ పటం కట్టించి ఇస్తారు, ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత ఆట మొదట్లో మంచు మీద నిలబడేది కూడా వాళ్ళే. ఎంత నాసిరకం ఆటగత్తె అయినా సరే, ఆ రోజు ఆట మొదలుపెడుతూ రిఫరీ రబ్బరు బిళ్ళను మంచు మీద పడేసేటప్పుడు ఆమె అక్కడ ఉండాలి. మా జట్టులో ఇది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ.

ఆ ఏడాది అలాంటి వాళ్ళు నలుగురు. జోలీన్ ఫెయిర్ ఐదో మనిషి. ఆమె కూడా వాళ్ళతోనే చేరింది కానీ ఆమె వెళ్ళిపోవడం లేదు. చిక్కంతా అక్కడే.

యూనివర్సిటీ ఆటల్లో ఒక మనిషికి ఐదేళ్ళే. ఏ ఏడాదైనా లీగ్ ఆటలో ఒక్కసారి దిగితే ఆ ఏడు ఖర్చయిపోయినట్టే. జోలీన్‌కి నాలుగు ఖర్చయ్యాయి. ఆగస్టు శిబిరంలో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది. ఇక ఆ ఏడాదంతా ఒక్క ఆటలో కూడా దిగకుండా, మిగిలిన ఆ ఒక్క ఏడును జాగ్రత్తగా దాచుకుంది. ఎందుకంటే వచ్చే ఏడాది మార్చిలో దేశం మొత్తానికి జరిగే పోటీ మా రింకులోనే. ఆతిథ్యమిచ్చే జట్టుకు నేరుగా చోటు. మా యూనివర్సిటీ అమ్మాయిలు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అంత దూరం వెళ్ళలేదు. ఆ పోటీలో ఆడాలంటే విద్యార్థిగా ఉండాలి కాబట్టి ఒక సబ్జెక్టు కావాలనే మిగుల్చుకుంది. వాళ్ళ ఊరి బడిలో సిద్ధంగా ఉన్న టీచరు ఉద్యోగానికి ఏడాది ఆగి వస్తానని చెప్పింది. ఇవన్నీ జట్టులో అందరికీ తెలుసు.

నాకు మరీ బాగా తెలుసు. సెప్టెంబరులో నేను చేరినప్పుడు భోజనాల హాలులో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక పళ్ళెం పట్టుకుని నిలబడితే, ఊతకర్రల మీద వచ్చి, "ఇక్కడ కూర్చో పిల్లా, నిన్నేం కొరకను," అన్నది ఆమే. అందరం కలిసి ఎక్కడికైనా తినడానికి వెళ్తే, నాకు నోరు రాదని నా తిండి కూడా ఆమే చెప్పేది. "దీనికి పూతిన్. బంగాళదుంప వేపుడు మీద చీజు ఉంచండి, గ్రేవీ వేరే గిన్నెలో. అడగలేదని ఊరుకోకండి, అది అడగదు." ఊతకర్రలు పోయాక సాయంత్రాలు రింకు మూలన నిలబడి, మొదటి బిళ్ళ పడేటప్పుడు కర్ర ఎలా పట్టుకోవాలో నేర్పింది. ఆమెది నా స్థానమే. మధ్య ఆటగత్తె.

ఆ శనివారం గదిలో కోచ్ మాట విని జోలీన్ నవ్వలేదు. "కోచ్, ఇది లెక్కలోకి రాదు కదా?" అంది.

"ఏ లెక్క?"

"నా ఐదో ఏడు."

"ఇది ఆట కాదే తల్లీ, వేడుక. బిళ్ళ పడుతుంది, వెనక్కి లాగుతావు, నేరుగా బెంచీకి వచ్చేస్తావు. అవతలి జట్టు కోచ్‌తో మాట్లాడాను. వాళ్ళ పిల్ల నీ మీదికి రాదు, కర్ర కూడా కదపదు. మీ నాన్న తొమ్మిది గంటలు ఈ మంచులో బండి నడుపుకుంటూ వచ్చాడు. కోటు వేసుకుని చప్పట్లు కొడుతున్న కూతుర్ని చూసి వెళ్ళాలా?"

"మరి పేరు పత్రంలో ఎందుకు?"

"పేరు లేకుండా దిగితే రిఫరీ నన్ను బయటికి పంపుతాడు. అందుకు."

గోల్ కాచే టీగన్ అంది, "ఒప్పుకోవే జో. నువ్వు లేకపోతే ఫొటోలో మేం నలుగురం ముందు పన్ను ఊడిన నోరులా ఉంటాం."

అందరూ నవ్వారు. జోలీన్ కూడా నవ్వింది కానీ ఇంకా తేల్చుకోలేదు. మొదటి ఏడాది వాళ్ళం కూర్చున్న వైపు తిరిగింది. "మేం విన్నది ఎప్పుడో, మీకు ఈ సెప్టెంబర్లోనే నియమాల క్లాసు పీకారుగా? అందులో ఏం చెప్పారే?"

"నేను నిద్రపోయా," అంది ఒకతి.

"నేను మఫిన్లు తిన్నా," అంది ఇంకొకతి.

"ప్రోకీ?" అంది జోలీన్. "నువ్వు నిద్రపోయే రకం కాదు. ఏం చెప్పారు?"

నేను నిద్రపోలేదు. మా ఊరి బడిలో తరగతికి నలుగురం. టీచరు అడిగే ప్రతి నాలుగో ప్రశ్న మన మీదికి వచ్చి పడుతుంది కాబట్టి వినకుండా ఉండడం నాకు రాదు. క్రీడా కార్యాలయం నుంచి వచ్చిన డెనీస్ అనే ఆవిడ మెల్లగా, రెండుసార్లు చెప్పింది. పత్రంలో పేరు ఉండి, గడియారం నడుస్తుండగా మీ స్కేటు మంచు మీద ఉంటే చాలు, అది ఆడినట్టే. ఒక్క సెకను అయినా ఏడాదే. బిళ్ళను ముట్టుకోనక్కర్లేదు. ఆవిడ మాటలు ఆవిడ గొంతుతో సహా నాకు గుర్తున్నాయి.

గదిలో అందరూ నా వైపు చూశారు. నా మోకాలి రక్షణలు విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. ఆమె కోసం నన్ను తీసేసి అయిదు నిమిషాలు కాలేదు. ఇప్పుడు నేను నోరు తెరిచి, లెక్కలోకి వస్తుంది, దిగకు అంటే, నా చోటు నాకు ఇవ్వమని ఏడుస్తున్నట్టు ఉంటుంది. పల్లెటూరి పిల్లకు ఎంత ఆశో చూడు, మూడు నిమిషాల ఆట కోసం జోలీన్ వేడుక చెడగొట్టింది అంటారు. టీగన్ ఏం జోకు వేస్తుందో కూడా ముందే వినపడింది.

"గుర్తు లేదు," అన్నాను.

"చూశావా?" అన్నాడు కోచ్. "గుర్తుపెట్టుకునేంత పెద్ద నియమమైతే మన ప్రోకీకి గుర్తుండేది. పద, పద, వేసుకో."

జోలీన్ నా వీపు మీద ఒక్కటి తట్టి కట్లు కట్టుకోవడానికి వెళ్ళింది.

నేను జట్టు కోటు వేసుకుని పైకి వెళ్ళాను. తాత అప్పుడే వచ్చి కూర్చున్నాడు. టోపీ తీయలేదు, జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి నములుతున్నాడు.

"ఇక్కడున్నావేమే? కింద ఉండాలిగా?"

"ఇవాళ విశ్రాంతి తాతా."

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

తాత కొన్ని గింజలు నా చేతిలో పోశాడు.

ఎర్ర తివాచీ పరిచారు. జోలీన్ వాళ్ళ నాన్న పొట్టిగా, బిగుతు కోటులో, జారిపోతానేమోనన్నట్టు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు, ఆయనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత తివాచీ చుట్టేశారు. ఆయన రింకు చుట్టూ ఉండే అద్దాల గోడ దగ్గరికి వెళ్ళి ఫోను పైకెత్తి నిలబడ్డాడు.

రిఫరీ బిళ్ళ వేశాడు. అవతలి అమ్మాయి మాట ప్రకారం కర్ర కదపలేదు. జోలీన్ బిళ్ళను ఒక్క లాగుడుతో వెనక్కి పంపి, వంగి, ఎడమ కాలి మీద మెల్లగా తిరిగి బెంచీ వైపు జారుకుంటూ వెళ్ళింది. జనం అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను గడియారం చూశాను. ఇరవై నిమిషాల దగ్గర మొదలైన అంకెలు పంతొమ్మిది యాభై ఆరుకు వచ్చేసరికి ఆమె బెంచీ తలుపు దాటింది.

"ఆ పిల్ల బాగా లాగింది," అన్నాడు తాత.

నేను గింజ నములుతూ తల ఊపాను.

మంగళవారం లీగ్ కార్యాలయం నుంచి జాబు వచ్చింది. వారం వారం వాళ్ళు ఆట పత్రాలు చూసి ఎవరి ఏళ్ళు ఎన్ని ఖర్చయ్యాయో సరిచూస్తారట. జోలీన్ ఫెయిర్, అయిదు. మిగిలినవి, సున్నా.

కోచ్ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి అది చదివాడు. "నాలుగు సెకన్లు," అన్నాడు. "నాలుగు సెకన్లకి ఏడాదా? వీళ్ళు మనుషులేనా?"

జోలీన్ మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, ఆపరేషన్ మచ్చ ఉన్న చోట.

టీగన్ ఏడ్చింది. నేనే కదా ఒప్పుకోమన్నాను, నేనే కదా అని మళ్ళీ మళ్ళీ అంది. జోలీన్ ఆమెను ఓదార్చాల్సి వచ్చింది. "ఊరుకోవే. నోట్లో పళ్ళన్నీ ఊడిపోయాయి, ఏడవకు," అంది. ఎవరూ నవ్వలేదు.

క్రీడా విభాగం డైరెక్టర్ లోర్నా ఆ సాయంత్రం వచ్చింది. పెద్ద మనిషి, మంచి కోటు, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. లీగ్‌కి అప్పీలు పెడతామంది. "ఇది తెలియక జరిగిన పొరపాటు అని చూపించాలి. తెలిసి చేసింది కాదు అని. మీలో ఎవరికైనా ఈ నియమం స్పష్టంగా తెలుసా? తెలిస్తే ఇప్పుడే చెప్పండి, తర్వాత బయటపడితే అందరం మునుగుతాం."

ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. నా ముఖం మీద మిగతావాళ్ళ కన్నా ఎక్కువసేపు ఆగలేదు. నేను అలాంటి ముఖం గల దాన్ని.

"సెప్టెంబర్ క్లాసులో సరిగ్గా చెప్పలేదని మొదటి ఏడాది వాళ్ళు రాసిస్తే బలంగా ఉంటుంది," అంది లోర్నా. కాగితాలు ముందే తయారు చేసి తెచ్చింది. సంతకం పెట్టడమే.

నియమం గురించి మాకు అర్థమయ్యేలా వివరించలేదు అని ఉంది అందులో. నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఈసారి నిజం చెబితే జోలీన్ ఏడు పోతుంది. శనివారం అబద్ధం చెప్పాను కాబట్టి ఇప్పుడు మళ్ళీ అబద్ధమే ఆమెకు మేలు. అలా నాకు నేను చెప్పుకుని సంతకం పెట్టాను. పెన్ను పక్క అమ్మాయికి ఇచ్చాను.

మూడు వారాల తర్వాత అప్పీలు కొట్టేశారు. నియమం స్పష్టంగా చెప్పినట్టు డెనీస్ క్లాసులో తెర మీద చూపించిన పేజీలే సాక్ష్యం అన్నారు. మేము పెట్టిన సంతకాల వల్ల లీగ్‌కు ఏమీ కాలేదు. డెనీస్‌కే అయింది. ఆమెను ఆ పని నుంచి తీసి టికెట్ల కిటికీలో కూర్చోబెట్టారు. నేను ఆ కిటికీ ముందు నుంచి వెళ్ళడం మానేశాను. వెనక మెట్ల మీదుగా వెళ్ళేదాన్ని, అది చాలా చుట్టు.

వసంతంలో కోచ్ నన్ను పిలిచాడు. "జోలీన్ లేదు. మధ్య స్థానం ఖాళీ. రెండో వరసలో నిన్ను పెడదామనుకుంటున్నా, ఆటకు పావుగంట మంచు మీద ఉంటావు. ఆమె నేర్పిన పిల్లవి, ఆమె కూడా సంతోషిస్తుంది. ఏమంటావ్?"

"సరే కోచ్," అన్నాను.

ఆ వేసవి అంతా వెర్బాలో మా కొట్టం గోడకు బిళ్ళలు కొట్టాను. గోడ పలకలు రెండు విరిగాయి. తాత కొత్తవి కొట్టాడు. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక ప్రశ్న వచ్చి కూర్చునేది. ఆ శనివారం నాకు నోరు రాలేదా, లేక ఆమె చోటు నాకు కావాలా? భయం వల్లే, అని చెప్పుకునేదాన్ని. పన్నెండున్నర గంటలకు గదిలో అంత దూరం ఆలోచించేంత తెలివి నాకు లేదు, అని చెప్పుకునేదాన్ని. కానీ గోడకు బిళ్ళ కొట్టేటప్పుడు నాకు సంతోషంగా ఉండేది. అది నిజం.

జోలీన్ వెళ్ళిపోలేదు. సబ్జెక్టు మిగిలి ఉంది కాబట్టి ఆ ఏడాదీ ఉండాల్సి వచ్చింది. ఊళ్ళో ఉద్యోగం వేరే ఎవరికో ఇచ్చేశారు. మార్చి పోటీకి మనుషులు కావాలంటే రింకులో పనికి పేరిచ్చింది. ఆమెకు పడింది శిక్ష పెట్టె. తప్పు చేసిన ఆటగత్తె రెండు నిమిషాలు కూర్చునే అద్దాల గది అది. దాని తలుపు తీసి వేసే పని ఆమెది.

పోటీ మొదటి ఆట రెండో భాగంలో నేను అవతలి అమ్మాయి నడుముకు కర్ర తగిలించి లాగాను. రిఫరీ చెయ్యెత్తాడు. తల వంచుకుని పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి తలుపు తెరిచి ఉంది. జోలీన్ నల్ల కోటులో, మెడలో గుర్తింపు కార్డుతో నిలబడి ఉంది.

"రావే పోకిరీ," అంది. "నేర్పింది ఇదా నీకు?"

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆమె తలుపు వేసి గడియ పెట్టి పక్కనే నిలబడింది. పైన గడియారంలో నా రెండు నిమిషాలు కదిలాయి. బయట నాలుగు వేల మంది అరుస్తున్నారు. లోపల మా ఇద్దరి ఊపిరి వినపడుతోంది. ఏడాదిగా మేమిద్దరమే ఒక చోట ఉన్నది లేదు. నేనే ఉండనివ్వలేదు.

"జోలీన్," అన్నాను.

"మంచు వైపు చూడు. వాళ్ళు ఎడమ వైపు నుంచి వస్తున్నారు, మనవాళ్ళు వదిలేస్తున్నారు."

"నాకు గుర్తుంది."

"ఏంటి?"

"ఆ క్లాసులో చెప్పింది. ఒక్క సెకను అయినా ఏడాదే అని. నువ్వు అడిగినప్పుడు గుర్తుంది. లేదన్నాను."

ఆమె తిరగలేదు. అద్దంలోంచి ఆటనే చూస్తోంది. మా గోల్ కాచే కొత్త అమ్మాయి ఒక బిళ్ళ ఆపింది. జనం లేచారు, కూర్చున్నారు. గడియారంలో ఒక నిమిషం పది సెకన్లు.

"ఎందుకు?" అంది చివరికి.

"నన్ను తీసేసి నిన్ను పెట్టారు కదా. నా చోటు కోసం అంటున్నానని అనుకుంటారని."

"అనుకుంటే?"

నేను చేతి తొడుగు పట్టీ విప్పి మళ్ళీ కట్టాను.

"అనుకుంటే ఏమయ్యేదే? ఒక పూట నవ్వేవాళ్ళు. టీగన్ రెండు జోకులు వేసేది." ఇప్పుడు నా వైపు తిరిగింది. ఆమె కళ్ళు ఎర్రగా లేవు, మామూలుగా ఉన్నాయి. అది చూసి నాకు ఎక్కువ భయం వేసింది. "మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్? ఏడాది ఊరుకున్నదానివి."

"నీకు తెలియాలని..."

"నాకా? నాకు తెలిసి నేనేం చేసుకోను? టీగన్ మీద కోపం పోయింది. కోచ్ మీద పోయింది. లీగ్ వాళ్ళని తిట్టుకుంటూ హాయిగా ఉన్నా. మా నాన్న ఇప్పటికీ ఆ నాలుగు సెకన్ల వీడియో చర్చిలో అందరికీ చూపిస్తాడు. ఇప్పుడు అది చూసినప్పుడల్లా పైన కూర్చున్న నువ్వు కనపడాలి. అంతేగా నువ్వు నాకిచ్చింది?"

"సారీ జోలీన్."

"నీకు తేలికయిందా?"

నేను గడియారం వైపు చూశాను.

"అడుగుతున్నా చెప్పు. ఇప్పుడైనా నిజం చెప్పు. తేలికయిందా?"

"అయింది," అన్నాను. కొంచెం అయింది మరి.

ఆమె తల ఊపింది. గడియ మీద చెయ్యి వేసింది. "ఎనిమిది. ఏడు. లే. వాళ్ళ ఆరో నంబరు నీ మనిషి, దాన్ని వదలకు," అంది, సాయంత్రాలు రింకు మూలన చెప్పిన గొంతుతోనే. సున్నా పడగానే తలుపు తీసింది. నేను బయటికి దూకాను. ఆరో నంబరును వదల్లేదు. ఆ ఆట మేము రెండు-ఒకటితో గెలిచాం. మా యూనివర్సిటీ అమ్మాయిలు ఆ పోటీలో గెలిచిన మొదటి ఆట అది. గదిలో పాటలు, అరుపులు. కోచ్ నన్ను పట్టుకుని గాల్లోకి ఎత్తాడు.

రెండు రోజుల తర్వాత సెమీఫైనల్లో నాకు మళ్ళీ శిక్ష పడింది. పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి తలుపు మూసే ఉంది. ఎవరో కొత్తమ్మాయి, గడియ తీయడం రాక రెండు చేతులతో లాగుతోంది.

"జోలీన్ ఏది?" అన్నాను.

"ఆ పొడుగు అమ్మాయా? మొన్న ఆట కాగానే కోటు, గుర్తింపు కార్డు ఇచ్చేసి వెళ్ళిపోయిందట. ఫైనల్ కూడా చూడదట. అంతా బాగానే ఉందా అని అడిగితే, ఏం లేదు, ఇంటికి దూరం ఎక్కువ అందట." గడియ వచ్చింది. "కూర్చో, కూర్చో. నీ టైము మొదలైపోయింది."